రాత్రి అదనం

నారిన్‌లో గుర్రాల సంఘం ఆఫీసు గోడకి
మూడు కాగితాలు అంటించారు.
రెండు రోజులది. ఐదు రోజులది. పది రోజులది.
కింద మా పేర్లకి గీతలు,
దారానికి వేలాడే పెన్సిలు.

నేను రెండు రోజుల కాగితం ముందు నిలబడ్డాను.
కోత నడుస్తోంది. కోసిన గడ్డి తిరగెయ్యాలి.
ఇది తడిసిందంటే
చలికాలమంతా ఆవులు నా మొహమే చూస్తాయి.
పది రోజులు నాకెవరిస్తారు?

నేర్పడానికి బిష్కెక్ నుంచి వచ్చినవాడు నుర్‌దవ్లెత్,
ఎండకి ముక్కు మీద పొరలు లేచిన మనిషి.
"వీటిలో ఏది మంచిది?" అన్నాను,
పుచ్చకాయ తట్టి చూసే గొంతుతో.
"అతిథుల్ని తీసుకెళ్ళే చోట ఒకడు పడ్డాడనుకో,
సాయం వచ్చేసరికి ఎన్ని గంటలు?"

లెక్కేశాను.
సరస్సు దాకా అయితే జీపు వస్తుంది,
రెండు గంటలు, డ్రైవరు తాగి లేకపోతే.
కనుమ అవతలైతే
ఫోను పలికే గుట్ట ఎక్కడానికే ఒక పూట.
తర్వాత గుర్రం. తర్వాత వాగు.
మధ్యాహ్నానికి మంచు కరిగి పొంగుతుంది,
దాటాలంటే తెల్లారాలి.
ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండోది తెరిచాను.

"రెండు రోజుల్లో నెత్తురు ఆపడం చెప్తాను,
వెచ్చగా కప్పడం,
జీపు వచ్చేదాకా నొక్కిన చెయ్యి తియ్యకపోవడం.
కనుమ అవతల కూడా దెబ్బ అదే.
రాత్రి అదనం."

ఆ మాట జేబులో రాయిలా వేసుకుని ఇంటికొచ్చాను.

పిండి డబ్బా వెనక ఒక పోస్టుకార్డు ఉంది.
నిరుడు కనుమ అవతల గుర్రం మీంచి జారిన
లిబూషె రాసింది, చెక్ దేశపు బడిపంతులమ్మ.
ఆ రాత్రంతా ఆమె పక్కన కూర్చున్నాను.
నీళ్ళడిగింది. ఇవ్వొచ్చో లేదో తెలీదు.
మెడ కింద ఏదైనా పెట్టమంది. తెలీదు.
మూడోసారి వాంతయ్యాక
"బాగైపోతానా?" అంది.
"ఆఁ" అన్నాను,
వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా.
బతికింది. వాళ్ళ కొండలు అచ్చేసిన కార్డు మీద
నా చేతులకి కృతజ్ఞతలు చెప్పింది.
నా చేతులు ఆ రాత్రి ఏం చేశాయో
నాకు తెలుసు, నా గుర్రానికి తెలుసు.

మా అత్త తాజికాన్ ఎముకలు కట్టేది.
చొక్కా మీంచే తడిమి విరుగుడో బెణుకో చెప్పేది.
ఒక్కోసారి మాత్రం వేళ్ళు వెనక్కి తీసుకుని
"ఇది నాది కాదు, బండి కట్టండి" అనేది.
ఊళ్ళో అందరూ ఆమె కట్టిన కట్లు చెప్పుకుంటారు,
కట్టనివి ఎవరూ లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నుర్‌దవ్లెత్ దగ్గరికెళ్ళాను.
"ఐదు తీసుకుని కనుమ మానెయ్," అన్నాడు,
"పది తీసుకుని కనుమ దాటు.
రెండు తీసుకుని దాటేవాళ్ళకి
నేను కాగితం మీద సంతకం పెట్టను."
కనుమ మానేస్తే సగం జీతం.
దాటుతూ కళ్ళు మూసుకుంటే, ఇంకో పోస్టుకార్డు.

మా మేనల్లుడు ఏర్మెక్ అప్పటికే
పది రోజుల కాగితం మీద పేరు రాసేశాడు,
పందొమ్మిదేళ్ళవాడు, బిళ్ళ కోసం.
వాడి కింద నా పేరు రాస్తుంటే ముల్లు విరిగింది.
జీను కత్తితో చెక్కి మిగతా సగం రాశాను.

అత్తని గడ్డి సంగతి అడిగితే
ఆకాశం వైపు చూసి, నా వైపు చూసి,
టీలోకి వెన్న వేసుకుంది.

ఆరో రోజు.
దెబ్బ తగిలినవాళ్ళలా నటించే వంతు నాది.
ఆఫీసు నేల మీద వెల్లకిలా పడుకున్నాను.
ఏర్మెక్ మోకాళ్ళ మీద కూర్చుని
పుస్తకంలోలాగే నెమ్మదిగా పేరు అడిగాడు,
ఇవాళ ఏ వారమో అడిగాడు.

అప్పుడే రేకుల కప్పు మీద
మొదటి చినుకులు.

"నొప్పి ఎక్కడ?" అన్నాడు.

నిజం చెప్పబోయి
కాలు చూపించాను.